మూతపడాల్సిన మిషన్: ఒంగోలు కొండ నుంచి వెల్లంపల్లి రేవు దాకా

1853లో అమెరికాలోని ఆల్బనీ పట్టణంలో బాప్టిస్టు మిషనరీ సంఘం వార్షిక సభ జరిగింది. పెద్దల ముందు ఒక చిక్కు ప్రశ్న ఉంది. తెలుగుదేశంలో మొదలుపెట్టిన పనిని సాగించాలా, మూటాముల్లె సర్దుకుని వచ్చెయ్యాలా? అప్పటికి పదిహేడేళ్ళుగా డబ్బు పోస్తున్నారు. మనుషుల్ని పంపుతున్నారు. ఫలితం వేళ్ళ మీద లెక్కపెట్టేంత. అదే సంఘం బర్మాలో పనిచేస్తే కరెన్ జాతివాళ్ళు వేల సంఖ్యలో క్రైస్తవులయ్యారు. నెల్లూరులో ఉన్న ఒకరిద్దరు మిషనరీలను బర్మాకు పంపేస్తే ఖర్చూ కలిసొస్తుంది, ఫలితమూ కనిపిస్తుంది కదా అన్నది లెక్క తెలిసినవారి వాదం. అందులో తప్పు పట్టడానికేమీ లేదు.

సభలో గోడకు వేలాడే పటం మీద మిషన్ కేంద్రాలను నక్షత్రాలతో గుర్తించారు. తెలుగు ప్రాంతం మొత్తానికి ఉన్నది ఒక్కటే చుక్క, నెల్లూరు. మూసెయ్యమని అక్కడున్నవారికి ఉత్తరం రాసే చెయ్యి ఎవరిదని సంఘం కార్యదర్శి ఎడ్వర్డ్ బ్రైట్ నిలదీసినట్టు మిషన్ చరిత్రలు చెబుతాయి. ఆ రాత్రి శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ ఆ ఒంటరి చుక్క మీద ఒక పద్యం రాశాడు. అమెరికన్లు దేశభక్తి గీతంగా పాడుకునే 'అమెరికా' పాట రాసిన కవి ఈయనే. మర్నాడు ఆ పద్యం చదివి వినిపించాక మూసివేత మాట వెనక్కి పోయింది. నెల్లూరు మిషన్‌కు 'లోన్ స్టార్' అన్న పేరు అలా వచ్చి, ఇప్పటికీ నిలిచింది.

కథ ఇక్కడితో ఆగితే ఒక కవి ఒక మిషన్‌ను కాపాడాడని చెప్పుకుని ఊరుకోవచ్చు. కాని అసలు వ్యతిరేకత ఇంకా మొదలే కాలేదు. ఆల్బనీ సభలో ఉన్నవాళ్ళకు గాని, నెల్లూరులో ఉన్నవాళ్ళకు గాని ఊహకందని దారిలో ఆ పని సాగింది. ఆ దారిలో ఎక్కువ బరువు మోసింది అమెరికావాళ్ళు కాదు, కనిగిరి, ఒంగోలు ప్రాంతాల మాదిగపల్లెల్లో చెప్పులు కుట్టుకునే మనుషులు.

ఈ పనికి నాంది పలికినవాడు శామ్యూల్ డే. 1836లో భార్యతో విశాఖపట్నం చేరాడు. అక్కడి నుంచి శ్రీకాకుళం, తర్వాత మద్రాసు, చివరికి 1840లో నెల్లూరు. నాలుగేళ్ళు తిరిగి తిరిగి ఒకచోట స్థిరపడ్డాడు. పెన్న ఒడ్డునున్న ఆ ఊళ్ళో భాష నేర్చుకుని, సంతల్లోనూ తిరునాళ్ళలోనూ బోధించాడు. తోడుగా వచ్చిన వాన్ హ్యూసెన్ ఆరోగ్యం చెడి 1845లో వెళ్ళిపోయాడు. మరుసటి ఏడు డే కూడా జబ్బుపడి ఓడెక్కాడు. నెల్లూరులో దొరలెవరూ మిగల్లేదు. బోస్టన్‌లోని సంఘం అప్పుడే ఒకసారి మూసేద్దామా అని తర్జనభర్జన పడింది. డే పట్టుబట్టాడు. లైమన్ జ్యూవెట్ అనే మరో యువకుణ్ణి వెంటబెట్టుకుని 1849లో మళ్ళీ నెల్లూరులో దిగాడు. కొన్నేళ్ళకు ఆయన దేహం మళ్ళీ మొండికేసింది. ఈసారి వెళ్ళినవాడు తిరిగి రాలేదు. 1871లో అమెరికాలోనే కన్నుమూశాడు.

మిగిలింది జ్యూవెట్ దంపతులు, వేళ్ళమీద లెక్కపెట్టగల తెలుగు విశ్వాసులు.

ఆల్బనీ సభ జరిగిన ఏడాదే చివర్లో జ్యూవెట్ నెల్లూరు నుంచి ఉత్తరంగా బోధనా యాత్ర చేస్తూ ఒంగోలు చేరాడు. అప్పటికి ఒంగోలు చిన్న ఊరు. అంగట్లో బోధిస్తే గేలి చేశారు. 1854 జనవరి 1న ఇంకా తెల్లారకముందే ఐదుగురు ఊరి పక్కనున్న కొండెక్కారు. జ్యూవెట్, ఆయన భార్య, క్రిస్టియన్ నరుసు అనే తెలుగు బోధకుడు, జూలియా, రూతు అనే ఇద్దరు తెలుగు స్త్రీలు. ఒకరి తర్వాత ఒకరు మోకరించి ప్రార్థించారు. ఒంగోలుకు ఒక మిషనరీని పంపమన్నది వాళ్ళ విన్నపం. సూర్యుడు పైకొచ్చేసరికి జ్యూవెట్ కింద కనిపిస్తున్న ఒక జాగాను చూపించగా, మిషన్ బంగళాకు అది బాగుంటుందని మాట్లాడుకున్నారట. తర్వాత ఆ కొండకు ఇంగ్లీషు పుస్తకాల్లో 'ప్రేయర్ మీటింగ్ హిల్' అన్న పేరు పడింది.

ఆ తెల్లవారుజామున వాళ్ళు అడిగిన మనిషి ఎక్కడున్నాడు? జాన్ ఎవరెట్ క్లౌ అప్పటికి పదిహేడేళ్ళ కుర్రాడు. న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టి, అయోవాలో పెరుగుతున్నాడు. సర్వేవాళ్ళ వెంట అడవుల్లో గొలుసులు లాగుతూ భూమి కొలిచే పని నేర్చుకున్నవాడు. మతమంటే పెద్ద పట్టింపు లేదు. కాలేజీలో చేరాకే, చుట్టూ ఉన్నవారి ప్రభావంతో క్రైస్తవ విశ్వాసంలోకి వచ్చాడు. కొండ మీద ప్రార్థన చేసినవాళ్ళకు ఇవేవీ తెలియవు. తెలిసే దారీ లేదు. వాళ్ళు కొండ దిగి నెల్లూరు వెళ్ళిపోయారు. పన్నెండేళ్ళు ఏమీ జరగలేదు.

ఏమీ జరగని ఆ పన్నెండేళ్ళను చరిత్రలు రెండు మూడు వాక్యాల్లో దాటేస్తాయి. దేవుడు పథకం వేశాడు, అది నెరవేరింది అని తర్వాత చెప్పుకోవడం తేలిక. నడిమధ్యలో ఉన్నవాళ్ళకు కనిపించింది పథకం కాదు. జ్వరాలు, మూతపడే సూచనలు, ఖాళీ బెంచీలు.

1862లో జ్యూవెట్ ఆరోగ్యం దెబ్బతిని స్వదేశం వెళ్ళేసరికి అమెరికాలో అంతర్యుద్ధం మండుతోంది. మిషన్ ఖజానా అడుగంటింది. ప్రావిడెన్స్ నగరంలో జరిగిన సభలో మూడోసారి అదే చర్చ వచ్చింది. ఈసారి కవిత్వానికి కరిగేవాళ్ళు లేరు. జ్యూవెట్ ఒకటే చెప్పాడు. సంఘం పంపినా పంపకపోయినా తను తిరిగి వెళ్తానని, తెలుగువాళ్ళ మధ్యనే చచ్చిపోతానని. అలా అయితే నిన్ను పూడ్చిపెట్టడానికైనా ఒకణ్ణి తోడు పంపాలి అని కార్యదర్శి జోనా వారెన్ అన్నాడని మిషన్ వర్గాల్లో చెప్పుకుంటారు. పూడ్చడానికని వెతికిన ఆ తోడు దొరికాడు. అతనే క్లౌ. 1864 నవంబరు 30న 'జేమ్స్ గత్రీ' అనే చిన్న ఓడ బోస్టన్ రేవు వదిలింది. 1865 ఏప్రిల్‌లో క్లౌ దంపతులు నెల్లూరు చేరారు. మరుసటి ఏడు సెప్టెంబరులో ఒంగోలుకు కాపురం మార్చారు.

క్లౌకు సొంత ఆలోచన ఉంది. మద్రాసు రాజధానిలో ఆనాటి మిషనరీలు చాలామంది నమ్మిన ఆలోచనే అది. ముందు బ్రాహ్మణులు, పెద్ద కులాలవాళ్ళు విద్య ద్వారా మారితే, వారి నుంచి కిందికి అందరూ మారతారని. ఒంగోలులో పెద్ద కులాల పిల్లల కోసం బడి మొదలైంది. ఊరి పెద్దలు సాయమందించారు. అంతా సవ్యంగానే ఉంది.

సరిగ్గా అప్పుడు వచ్చాడు ఎర్రగుంట్ల పేరయ్య.

పేరయ్య ఊరు కనిగిరి తాలూకా తాళ్లకొండపాడు. ఒంగోలుకు నలభై మైళ్ళ దూరం. మాదిగ కులస్థుడు, తోళ్ళ వ్యాపారి. చుట్టుపక్కల ఊళ్ళలో పచ్చితోళ్ళు కొని, దూరప్రాంతాలకు తీసుకెళ్ళి అమ్మేవాడు. వ్యాపారమే కాదు, రాజయోగ సాధన కూడా చేసినవాడు. నలుగురు శిష్యులు చుట్టూ చేరే మనిషి. మాదిగపల్లెల్లో నాస్తి చదువు, నాస్తి జ్ఞానం అనుకునేవాళ్ళకు ఆ కాలంలో అక్కడ తత్వాలు పాడుకునే, గురూపదేశం పొందే సంప్రదాయాలు బలంగా ఉండేవని తెలియదు. పేరయ్య తోళ్ళ బేరానికి ఏలూరు వైపు వెళ్ళినప్పుడు అక్కడ చర్చి మిషనరీ సొసైటీ మిషనరీ అలెగ్జాండర్ నోట క్రీస్తు మాట విన్నాడు. ఒంగోలుకు ఒక మిషనరీ వస్తున్నాడని తెలిసి వెతుక్కుంటూ వచ్చాడు. 1866లో ఆయనా, ఆయన భార్య నాగమ్మా బాప్తిస్మం తీసుకున్నారు. ఎవరూ పంపకుండానే పేరయ్య తన బంధువర్గం ఉన్న ఊళ్ళన్నీ తిరిగి చెప్పడం మొదలుపెట్టాడు.

1867 జనవరి 1న ఎనిమిదిమందితో ఒంగోలు సంఘం ఏర్పడింది. అదే నెలలో పేరయ్య పిలుపు మీద క్లౌ తాళ్లకొండపాడు వెళ్ళాడు. చెట్లతోపులో గుడారం వేసేసరికి చుట్టుపక్కల పల్లెల నుంచి ముప్పై నలభై మంది వచ్చి ఉన్నారు. చేతిలో బట్టకు కట్టిన సద్దిమూటలు. నాలుగైదు రోజులు ఉండి వింటామనే సిద్ధపడి వచ్చారు. జనవరి 20న వారిలో 28 మందికి బాప్తిస్మమిచ్చి క్లౌ వెనక్కి వచ్చాడు.

ఒంగోలులో పెద్దలు ఆయన కోసం ఎదురుచూస్తున్నారు. మాదిగలను చేర్చుకుంటే మా పిల్లలు మీ బడికి రారు అన్నారు. మాట నిలబెట్టుకున్నారు కూడా. బడి ఖాళీ అయింది. క్లౌ నిజంగానే సందిగ్ధంలో పడ్డాడని ఆయన రాసుకున్నదాన్ని బట్టి తెలుస్తుంది. ఏళ్ళ తరబడి చదివిన పుస్తకాలు, పెద్దల సలహాలు అన్నీ బడి వైపే చూపిస్తున్నాయి. ఏంచెయ్యాలో తోచక తన గదిలో ఒక బైబిలు తీస్తే, కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం తెరుచుకుంది. లోకం తక్కువగా చూసేవారినే దేవుడు ఎన్నుకున్నాడన్న భాగం అది. ఇంకో గదిలో ఆయన భార్య కూడా అదే భాగం చదువుతూ ఉందట. దీన్ని అద్భుతమంటారా, యాదృచ్ఛికమంటారా అన్నది పాఠకుడి ఇష్టం. తేలిన నిర్ణయం మాత్రం చరిత్ర. పేరయ్య మనుషులే సంఘం. పెద్దల బడి మూతపడితే పడనీ.

దేవుని సంకల్పాన్ని నమ్మడమంటే తాము వేసుకున్న ప్రణాళికకు దేవుడు సాయం చేస్తాడని నమ్మడమే చాలామంది దృష్టిలో. ఒంగోలులో జరిగింది దానికి ఎదురు. క్లౌ ముందుగా ఓడిపోయింది ఊరి వ్యతిరేకత చేతిలో కాదు, తన సొంత పథకం చేతిలో. దాన్ని వదులుకున్నాకే పని ముందుకు కదిలింది.

కొత్తగా చేరినవారికి క్లౌ పెట్టిన నియమాలు మూడు. ఆదివారం పనిచెయ్యకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి చిన్న నియమాలు. ఊరి కట్టుబాటు తెలిసినవారికి మాత్రం ఈ మూడూ ఊరి మీదికి ఎక్కుపెట్టిన మాటల్లా వినిపించాయి.

ఆ రోజుల్లో మాదిగపల్లె లేకుండా సేద్యం నడవదు. రైతుకు చెప్పులు, మోటకు తోలు బొక్కెన, ఎడ్లకు తోలు సామాను, అన్నీ మాదిగలే చేసి ఇవ్వాలి. గొడ్డు చస్తే లాక్కెళ్ళాలి. కోతల్లో, నూర్పిళ్ళలో పిలిస్తే పోవాలి. జాతరలో డప్పు కొట్టాలి. దీనికి బదులుగా కళ్ళంలో ఇంత మేర గింజలు, చచ్చిన గొడ్డు తోలూ మాంసమూ. ఇదంతా తాతల నాటి లెక్క. కూలి బేరం లేదు, సెలవు లేదు, కాదనే హక్కు లేదు.

ఇప్పుడు ఒక్కో నియమం ఏం చేసిందో చూడాలి. కోతల రోజుల్లో ఆదివారం నాడు మాదిగవాడు పొలానికి రానంటే, రైతుకు నష్టం ఒక రోజు పని మాత్రమే కాదు. 'రాను' అన్న మాట వినడం అదే మొదటిసారి. చచ్చిన గొడ్డు మాంసం తిననంటే పైకి అది ఇంటి తిండి సంగతి. కాని గొడ్డును లాగడం, తోలు ఒలవడం, మాంసం తీసుకోవడం మూడూ ఒకే కట్టుబాటులో కలిసి ఉన్నవి. ఒకటి కదిలితే మిగతా రెండూ కదులుతాయి. ఇక విగ్రహాలకు మొక్కనన్నవాడు జాతరలో డప్పు కొట్టడు. డప్పు లేకపోతే పోలేరమ్మ కొలుపు సాగదు. కొలుపు సాగకపోతే, తర్వాత ఊళ్ళో కలరా వచ్చినా వానలు పడకపోయినా నింద ఎవరి మీదికి వస్తుందో చెప్పక్కర్లేదు.

ఊరు ఊరుకోలేదు. కొన్నిచోట్ల మేర ఆపేశారు. కొన్నిచోట్ల నీళ్ళ దగ్గర, అంగడి దగ్గర అడ్డుకున్నారు. అప్పు పుట్టకుండా చేశారు. కరణమూ మునసబూ కలిసి దొంగతనం కేసులు బనాయించి తాలూకా కచేరీకి ఈడ్చిన సందర్భాలున్నాయి. పొమ్మనలేక పొగబెట్టడం కొన్ని ఊళ్ళలో, నేరుగా కర్ర ఎత్తడం మరికొన్ని ఊళ్ళలో. క్లౌ ఇలాంటి ఫిర్యాదులు విని, అర్జీలు రాసి, అధికారుల దాకా తీసుకెళ్ళేవాడు. ఆయన గుర్రమెక్కి తిరిగి ఒంగోలు వెళ్ళిపోగలడు. పల్లెలో ఉన్న మనిషికి వెళ్ళడానికి ఇంకో ఊరు లేదు. మర్నాడు పొద్దున్నే అదే రైతు వాకిట్లో నిలబడాలి.

ఆ మనుషులు ఏ ధైర్యంతో నిలబడ్డారన్నదే ఈ చరిత్రలో పెద్ద ప్రశ్న. మిషనరీ రాతలు దానికి విశ్వాసం అని ఒక్క మాటలో జవాబు చెబుతాయి. సామాజిక చరిత్రకారులు ఆత్మగౌరవమంటారు. పల్లెలో ఆ రెండూ వేరువేరుగా ఉన్నట్టు కనిపించవు. దేవుడు తనను చూస్తున్నాడని, తనకంటూ ఆయన దగ్గర ఒక లెక్క ఉందని నమ్మిన మనిషికి ఆదివారం పని మానడం ప్రార్థనా అయింది, తిరుగుబాటూ అయింది. పైగా ఎవరూ ఒంటరిగా చేరలేదు. బంధువర్గాల వెంట, వియ్యాల వెంట, పేరయ్యలాంటి గురువుల వెంట కుటుంబాలకు కుటుంబాలు కదిలాయి. ఊరు వెలివేసినా పల్లె మొత్తం ఒకటిగా ఉంటే బతకవచ్చు. కరువుకు ముందే ఒంగోలు సంఘం సభ్యుల సంఖ్య మూడు వేలు దాటింది.

1876లో వానలు మొహం చాటేశాయి. ధాత నామ సంవత్సరంలో వచ్చింది కనుక దాన్ని తెలుగువాళ్ళు ధాత కరువు అన్నారు. మద్రాసు రాజధానిలో లక్షల మంది చచ్చిపోయారు. ఒంగోలు ప్రాంతంలో ముందు చచ్చింది కూలి మీద బతికేవాళ్ళే. మేర లేదు, పని లేదు, తోలు కొనేవాడు లేడు. కరువు పనుల కింద ప్రభుత్వం బకింగ్‌హామ్ కాలువ తవ్వకం చేపట్టింది. అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు పేరే దానికి పెట్టారు. కాలువ ఒంగోలుకు తూర్పున సముద్ర తీరం వెంట సాగింది.

సర్వేవాళ్ళ వెంట తిరిగిన అయోవా కుర్రాడి చదువు అప్పుడు పనికొచ్చింది. క్లౌ మూడున్నర మైళ్ళ కాలువ తవ్వే కాంట్రాక్టు తీసుకున్నాడు. మిగతా చోట్ల మేస్త్రీలు బక్కచిక్కిన కూలీలను తిట్టీ కొట్టీ పనిచేయించేవారు, కూలిలో కోతలు పెట్టేవారు. క్లౌ కాంట్రాక్టులో మేస్త్రీలు ఆయన బోధకులే. మనుషుల పేర్లు తెలిసినవాళ్ళు, వాళ్ళ పల్లెలు తెలిసినవాళ్ళు. రాజుపాలెం దగ్గర గుడిసెలు వెలిశాయి. క్రైస్తవులూ కానివారూ వేలమంది అక్కడికి చేరి మట్టి మోశారు. మధ్యాహ్నం ఎండలో విశ్రాంతి వేళ బోధకులు కూలీల మధ్య కూర్చుని మాట్లాడేవారు. ప్రయాసపడి భారం మోసేవారిని క్రీస్తు పిలిచే మత్తయి సువార్త పదకొండో అధ్యాయం వాళ్ళకు ఇష్టమైన బోధ. తట్టలో మట్టి మోసే మనిషికి ఆ మాట విడమర్చి చెప్పక్కర్లేదు.

ఆ రోజుల్లో జనం బాప్తిస్మం అడిగారు. క్లౌ ఇవ్వలేదు. 1877 మార్చి నుంచి పదిహేను నెలలు ఒక్కరికి కూడా ఇవ్వలేదు. గింజల కోసం వచ్చారన్న మాట పడకూడదన్నది ఆయన జాగ్రత్త. కరువు సాయం డబ్బు అయిపోయింది. 1878లో వానలు పడ్డాయి. జూన్‌లో ఆయన బోధకులకు కబురు పెట్టాడు, క్రైస్తవులు మాత్రమే వెల్లంపల్లి దగ్గర కలవాలని. ఒంగోలుకు పది మైళ్ళ దూరంలో గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న ఊరు అది. క్రైస్తవులతో పాటు కాని వాళ్ళు కూడా గుంపులుగా వచ్చేశారు. ఇవ్వడానికి ఇక డబ్బు లేదని చెప్పి చూశారు. మాకు మీ డబ్బు వద్దు, చేర్చుకుంటే చాలు అన్నారు వాళ్ళు. బోధకులు ఎవరి పల్లె మనుషుల్ని వాళ్ళు గుర్తుపట్టి, వాళ్ళ గురించి సాక్ష్యం చెప్పారు.

జూలై 2న 614 మంది బాప్తిస్మం తీసుకున్నారు. జూలై 3న 2,222 మంది. జూలై 4న 700 మంది. మూడు రోజుల్లో మొత్తం 3,536.

జూలై 3 ఎలా గడిచిందో చూడదగ్గది. గుండ్లకమ్మలో నడుములోతు నీళ్ళలో ఒకసారికి ఇద్దరు తెలుగు బోధకులు నిలబడ్డారు. ఒడ్డున పేర్ల జాబితాలు పట్టుకున్నవాళ్ళు ఊరు ఊరుగా పిలుస్తున్నారు. పిలిచినవాళ్ళు వరసలో దిగుతున్నారు. నీళ్ళలో ఉన్న ఇద్దరు అలసిపోతే ఒడ్డున కాచుకున్న మరో ఇద్దరు దిగి వాళ్ళ స్థానం తీసుకున్నారు. మొత్తం ఆరుగురు బోధకులు. పొద్దుటిపూట కొంతసేపు, ఎండ వేళ విరామం, సాయంత్రం మళ్ళీ, కలిపి తొమ్మిది గంటల పని. క్లౌ ఆ రోజు నీళ్ళలో దిగలేదు. ఒడ్డున నిలబడి చూశాడు. కాలువ కాంట్రాక్టు ఆయనది, అమెరికాకు వెళ్ళే నివేదిక మీద సంతకం ఆయనది. వెల్లంపల్లి రేవులో బాప్తిస్మమిచ్చిన చేతులు మాత్రం మాదిగపల్లెల నుంచి వచ్చిన బోధకులవి.

ఆ ఏడాది ముగిసేసరికి కొత్తగా చేరినవారు తొమ్మిది వేలు దాటారు. ఒంగోలు సంఘం పన్నెండు వేల పైచిలుకు సభ్యులతో ప్రపంచంలోకెల్లా పెద్ద బాప్టిస్టు సంఘంగా పేరుపొందింది. మూడుసార్లు మూసేద్దామనుకున్న మిషన్ ఇదే.

విమర్శ అప్పుడే మొదలైంది. ఇతర మిషన్లవాళ్ళే వేలెత్తి చూపారు. కూటి కోసం చేరినవాళ్ళన్నారు. తొందరపడి ఇచ్చారన్నారు. ఈ విమర్శను కొట్టిపారేయడం న్యాయం కాదు. కాలువ పనిలో దొరికిన కూలీ, మర్యాదా వాళ్ళ నిర్ణయంలో పాత్ర వహించలేదని ఎవరూ చెప్పలేరు. చేరినవాళ్ళందరూ నిలవలేదు కూడా. కాని ఆ విమర్శకు ఎదురు నిలిచే నిజాలు రెండున్నాయి. సాయం అందుతున్నంత కాలం తలుపు మూసి ఉంది, సాయం ఆగిపోయాకే తెరిచారు. పైగా చేరినవాళ్ళకు దొరికింది లాభం కాదు. వెనక్కి వెళ్ళిన పల్లెల్లో అదే కరణం, అదే మునసబు, అదే కళ్ళం ఎదురుచూస్తున్నాయి. కూటి కోసమే అయితే ఊరికి లొంగి ఉండటమే సులువైన దారి.

ఆ తర్వాత సంగతులు త్వరగా చెప్పుకోవచ్చు. ఒంగోలు ఒక్కచోట ఇంతమందిని చూసుకోవడం కుదరక 1880ల మొదట్లో కంభం, వినుకొండ, నరసరావుపేట, బాపట్లలో వేరే కేంద్రాలు తెరిచారు. బోధకుల శిక్షణకు రామాపట్నంలో వేదాంత పాఠశాల నడిచింది. బడులు, ఆసుపత్రులు వెలిశాయి. 1903లో తెలుగు బాప్టిస్టులు తమ సొంత మిషనరీని విదేశానికి పంపారు. చెరకు తోటల్లో, తేయాకు తోటల్లో పనికి ఒప్పంద కూలీలుగా వెళ్ళిన తెలుగువాళ్ళ కోసం దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు వెళ్ళిన ఆ బోధకుడు జాన్ రంగయ్య. మూసేద్దామనుకున్న మిషన్ అర్ధశతాబ్దం తిరిగేసరికి తనే ఓడెక్కించి మనిషిని పంపింది. 1962లో తెలుగు బాప్టిస్టు సంఘాల సమావేశం ఏర్పడి, పని పగ్గాలు తెలుగువాళ్ళ చేతికి వచ్చాయి.

వ్యతిరేకత మాత్రం పోలేదు, రూపం మార్చుకుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవులైన దళితులను షెడ్యూల్డు కులాల జాబితా బయట ఉంచింది. ఆంధ్రప్రదేశ్‌లో వారిని బీసీ-సి వర్గంలో చేర్చారు. ముత్తాత గుండ్లకమ్మలో దిగిన రోజున తెంచుకున్నది కట్టుబాటును. మునిమనవడు సర్టిఫికెట్ కోసం తహసీల్దారు కార్యాలయంలో నిలబడినప్పుడు కులం ఉన్నదీ లేనిదీ అన్న ప్రశ్న ఇంకా వెంటాడుతూనే ఉంది.

ఈ చరిత్రలో ఎక్కువ భాగం మనకు తెలిసింది అమెరికన్ల రాతల వల్ల. క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ ముసలి బోధకుల దగ్గర కూర్చుని వాళ్ళ జ్ఞాపకాలు వినకపోతే పేరయ్య రాజయోగ సాధన సంగతి కూడా నమోదయ్యేది కాదు. 1899లో వచ్చిన ఆమె పుస్తకం 'వైల్ సూయింగ్ శాండల్స్' ఆ మాటల పుణ్యమే. కాని ఆమె అందరినీ వినలేదు, వినడం సాధ్యమూ కాదు. ఆదివారం పొలానికి రానన్న మొదటి మనిషి ఎవరో, మేర ఆగిన ఏడాది పిల్లలకు ఏం పెట్టిందో చెప్పగల తల్లి ఎవరో పుస్తకాల్లో లేదు.

ఒంగోలు, కనిగిరి, వినుకొండ, నెల్లూరు ప్రాంతాల కుటుంబాల్లో ఆ మాటలు ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. ముసలివాళ్ళ నోట, సంఘాల పాత రిజిస్టర్లలో, అటక మీది బైబిళ్ళ మొదటి పేజీల్లో రాసిపెట్టిన పుట్టిన తేదీల్లో. క్లౌ పేరు, జ్యూవెట్ పేరు ఎవరూ మరిచిపోరు. వాళ్ళు రాసుకున్నారు కనుక. తాళ్లకొండపాడు తోపులో సద్దిమూటలతో కూర్చున్నవారి వంశాలు తెలిసినవాళ్ళు ఇవాళ ఎవరైనా ఉంటే, వాళ్ళు ఆ పేర్లు తెలుగులో రాసి పెట్టాలి. రిజిస్టర్లున్న సంఘాలు వాటిని చెదలకు వదలకుండా నకళ్ళు తీయించాలి. ఇంకో తరం గడిస్తే అడగడానికి మనుషులుండరు.